తీసివేసిన వేడి

"నేల నిలిచిందా, అక్కా?" అని కూరగాయల బండి ఆయన గేటు బయటి నుంచే అడిగాడు.

"నిలిచింది," అంది మల్లీశ్వరి. గడప పక్కన వెలుగుతున్న పచ్చదీపాన్ని ఆమె చూడను కూడా చూడలేదు. అలవాటైన ప్రశ్నకు అలవాటైన జవాబు.

నల్లగని పట్నంలో ఎవరూ ఎవరినీ బాగున్నారా అని అడగరు. అడిగితే అమాయకత్వం కింద లెక్క. ఆ పట్నంలో నేల బాగుంటేనే మనిషి బాగుంటాడు. తాతముత్తాతలు తరాల పాటు బొగ్గు తవ్వుకుని, తినగలిగినంత తిని, సొరంగాలను అట్లాగే వదిలేసి పోయారు. బొగ్గు అయిపోయింది, గనులు మూతబడ్డాయి, జనం మాత్రం గోదావరి ఒడ్డున ఆ బొందల మీదే కాపురాలు పెట్టుకున్నారు. పోవడానికి ఇంకో చోటు ఉంటే కదా!

అందుకని ప్రతి గడపకూ ఒక దీపం. దీపం పచ్చగా ఉంటే వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తారు. పసుపైతే పిల్లలను చంకనేసుకుని వీధిలో నిలబడతారు. ఎరుపైతే పొయ్యి మీది గిన్నెను కూడా దించకుండా పరుగు. పెళ్లిచూపుల వాళ్లు పిల్లవాణ్ణి తర్వాత చూస్తారు, ముందు వాళ్ల వీధి ఇరవై ఏళ్లలో ఎంత కుంగిందో గీత తెప్పించుకుని చూస్తారు. మనిషి ఒరిగినా సర్దుకోవచ్చు, ఇల్లు ఒరిగితే ఎవరు సర్దుతారని అక్కడి ముసలమ్మల వాదన. ఆ దీపాలన్నిటినీ నడిపేది నేలనాడి. పట్నం కింద పాత సొరంగాలలో వేల కొద్దీ నాడికడ్డీలు పాతి ఉన్నాయి. నేల వెంట్రుకవాసి ఒరిగినా అవి చెబుతాయి. వాటికి పెద్దదిక్కు భూరక్షణ మండలి, మండలిలో కొలతల ఇంజనీరు మల్లీశ్వరి.

"వదినె, ఛాయ్ ఉన్నదా, లేకుంటే నేలతోని పాటు అది కూడ కిందికి దిగిందా?" అంటూ ఓదేలు లోపలికి వచ్చాడు.

ఓదేలు ఆమె చెల్లెలు భాగ్య మొగుడు. పక్క వీధిలో కాపురం. మండలిలోనే కడ్డీల మేస్త్రీ. పాత సొరంగాల్లోకి దిగి కడ్డీల తలలు తుడిచి, తీగల అతుకులు చూసి రావడం అతని పని. పనిలోకి దిగే రోజు పొద్దున వదినగారింట్లో ఛాయ్ తాగకపోతే అతనికి కాలు కదలదు.

"ఇంట్ల చెయ్యదా మా చెల్లె?"

"చేస్తది. గానీ ఆమె ఛాయ్‌ల ప్రేమ ఎక్కువ, చక్కెర తక్కువ." గ్లాసు ఊదుకుంటూ నిలబడే తాగాడు. "ఇయ్యాల ఏడో గని దిగుతున్న, రాజలింగుతోని. నీ కడ్డీలకు స్నానం చేపిచ్చి, బొట్టు పెట్టి వస్త."

"పైకప్పు చూసుకుంట పో."

"నీ కడ్డీలుండంగ నాకేం భయం, వదినె?" అని నవ్వి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. అది సోమవారం.

నీ కడ్డీలు అనడంలో అతిశయోక్తి లేదు. అవి నిజంగా మల్లీశ్వరి కడ్డీలే. నేలకు అంకెలు రావు. కడ్డీ కాస్త ఒరిగితే లోపల కరెంటు పీడనం కాస్త మారుతుంది, అంతే. ఆ సన్నటి మార్పును పట్టుకుని అంకెగా మార్చే చిన్న బిళ్ల ఒకటి కావాలి. దాన్ని నల్లగనిలో అంకెమర అంటారు. కడ్డీ ఎంత మంచిదైనా అంకెమర చెడ్డదైతే వ్యర్థం. బంగారాన్ని ఉప్పుమూటల తక్కెడలో తూచినట్టు ఉంటుంది.

మొదట్లో వాడిన అంకెమరలకు మండలివాళ్లు జింక అని పేరు పెట్టారు. సెకనుకు వేలసార్లు చూస్తుంది, చీమ నడిచినా ఉలిక్కిపడుతుంది. దాని తంటా అంతా ఆ ఉలికిపాటుతోనే వచ్చింది. లారీ పోతే ఎరుపు. ఆషాఢంలో బోనాలెత్తి డప్పులు మోగిస్తే ఎరుపు. పోతరాజు చిందేసినా ఎరుపే. ఒక్క బోనాల పండక్కే ఊరు మూడుసార్లు ఖాళీ అయింది. మూడోసారి వానలో పరుగెత్తుతూ ఒక ముసలమ్మ, నెత్తి మీద బోనం నెత్తి మీదే ఉండగా, రోడ్డు మీద ప్రాణం విడిచింది. ఆ తర్వాత దీపం ఎర్రబడ్డా జనం కదలడం మానేశారు. పైగా ఆ జింకకు వయసు మీద పడేకొద్దీ అంకెలు తమంతట తామే జారేవి. నేల జరిగిందో అంకె జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు.

అప్పుడు కొత్త అంకెమరను ఎంచే పని మల్లీశ్వరి మీద పడింది. ఏడాది పాటు రకరకాల బిళ్లలను వేడిగదిలో ఉడికించింది, చలిగదిలో వణికించింది. వేగంగా చూసేది సూక్ష్మంగా చూడదు. సూక్ష్మంగా చూసేది వేగంగా చూడదు. రెండూ చేసేది నాలుగేళ్లకే మతి తప్పుతుంది. చివరికి ఒకటి నిలబడింది. అది ఒక్కో అంకె చెప్పడానికి నిమిషం తీసుకుంటుంది. ఆ నిమిషంలో కిందికీ పైకీ ఊగేవన్నీ ఒకదానికొకటి కొట్టేసుకుపోతాయి, నిదానంగా ఒరిగేది మాత్రం మిగులుతుంది. ప్రతిసారీ ముందు తన సున్నా తానే చూసుకుని, తన తప్పు తానే తీసేసుకుంటుంది. ముప్పై ఏళ్లయినా దాని లెక్క జారదు. దున్నపోతు మీద వాన పడ్డట్టు దేనికీ చలించదు కాబట్టి దానికి దున్న అని పేరు వచ్చింది.

ఒక్క వేడికి మాత్రం కడ్డీ లొంగుతుంది. లోహం కదా, వేడికి సాగుతుంది. దానికీ మందు కనిపెట్టింది మల్లీశ్వరి. ప్రతి కడ్డీ తలలో ఒక చిన్న వేడికన్ను పెట్టించింది. వేడి వల్ల ఎంత తేడా వస్తుందో ఆ కన్ను చెబుతుంది, దున్న దాన్ని కొలతలోంచి తీసేస్తుంది. ఆ లెక్క పేరు వేడి తీసివేత. తీసేసిన అంకెలు కూడా ఒక మూల పోగవుతూనే ఉంటాయి. కానీ బియ్యంలో ఏరేసిన రాళ్లను ఎవరు దాచుకుని చూస్తారు?

ఎంపిక రోజున జనాన్ని పిలిచి కడ్డీ చుట్టూ డప్పులు కొట్టించారు. పోతరాజు కొరడాతో నేలను చరిచాడు. దీపం పచ్చగానే ఉంది. జనం చప్పట్లు కొట్టి మల్లీశ్వరి మెడలో బంతిపూల దండ వేశారు. ఆ ఏడు బోనాలు తృప్తిగా జరిగాయి. అప్పటి నుంచీ ఊరు హాయిగా నిద్రపోతోంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

సోమవారం మధ్యాహ్నం ఏడో గనిలో పైకప్పు కూలింది. నిదానంగా ఒరగకుండా ఒక్కసారే ఊడిపడింది, దీపాలు పచ్చగానే ఉన్నాయి.

తీగచుట్ట తేవడానికి వెనక్కి వచ్చిన రాజలింగు బతికాడు. అతని వెనకాల పది అడుగుల్లో సొరంగం మూసుకుపోయింది. ఓదేలు అవతల ఉన్నాడు. ఒంటినిండా దుమ్ముతో మండలి ఆఫీసుకు వచ్చిన రాజలింగు ఏడుస్తూనే ధైర్యం చెప్పాడు.

"ఓదేలన్నకు ఏం గాదు మేడమ్. అవతల జాగ ఉన్నది, గాలి ఆడుతది. ఆ జాగలనే నూటపదో కడ్డీ ఉన్నది. అన్న సక్కగ దాని దగ్గరికే పోతడు. మూడు కొడ్తడు, ఆగుతడు, మళ్ల మూడు కొడ్తడు. మీకు ఈ పాటికి వినబడే ఉంటది గద?"

మల్లీశ్వరికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆ పట్నంలో ఆ మాట ఊరికే అనరు.

అది జింకల కాలం నాటి పాఠం. కింద చిక్కుకుంటే కదలకు, అరవకు, దగ్గర్లో ఉన్న కడ్డీని చేరుకుని మూడేసి దెబ్బలు కొట్టు, పైన వింటారు. బడిపిల్లలకు కూడా నేర్పుతారు, వాళ్లు చప్పట్లతో ఆడుకుంటారు. జింకలను తీసేసి దున్నలను పెట్టినప్పుడు కడ్డీల ఆకారం మారలేదు, లోపలి బిళ్లే మారింది. పాఠం మార్చాలని ఎవరికీ తోచలేదు. మల్లీశ్వరికీ తోచలేదు. మూడు దెబ్బలే కాదు, మూడు వందల దెబ్బలు కొట్టినా దున్న లెక్కలో సున్నాయే. వినకూడదనే కదా దాన్ని ఎంచింది!

"ఇనబడ్డదా మేడమ్?" అని రాజలింగు మళ్లీ అడిగాడు.

"ఇంకా లేదు," అంది.

తవ్వకం మొదలైంది. ఎంత తవ్వితే అంత పైనుంచి జారింది. మంగళవారం రెండు గజాలు దారి చేస్తే, బుధవారానికి మూడు గజాలు మూసుకుపోయింది. చప్పుడు వినడానికి పాత జింక ఒక్కటైనా దొరుకుతుందేమోనని మల్లీశ్వరి గోదాములన్నీ వెతికించింది. వాటిని ఎప్పుడో కరిగించేశారు. నేల మీద చెవి ఆనించి చూశారు. మధ్యలో ఉన్న బండ మందం ఏ చప్పుడునూ పైకి రానివ్వలేదు. భాగ్య గని నోటి దగ్గర, అత్త సాన్వమ్మ పక్కన, చాప మీద కూర్చుని ఉంది. అక్క కనబడినప్పుడల్లా మొహం చూసేది, ఏమీ అడిగేది కాదు. అక్కకు అంతా తెలుస్తుందని, తెలిస్తే చెబుతుందని ఆమె నమ్మకం.

గురువారం పొద్దున మండలి అధ్యక్షుడు విహాన్ సారు మల్లీశ్వరిని తన గదికి పిలిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. తెర మీద రెండు గీతలు పెట్టి ఉంచాడు.

"ఏడో గని పైన ఏమున్నదో నీకు తెలుసు."

"ఆసుపత్రి, సార్."

"నిన్న పొద్దున ఆసుపత్రి మూల వెంట్రుక మందం ఒరిగింది. ఇయ్యాల రెండు వెంట్రుకలు. కూలిన జాగను ఇసుకతోని నింపకపోతే ఎల్లుండికి మూల కూలుతది. ఇంటెన్సివ్‌ల ఉన్నోళ్లను కదిలిస్తే చచ్చిపోతరని డాక్టర్లు అంటున్నరు." ఆగి, ఆమె వైపు చూశాడు. "నీ దున్న అబద్ధం చెప్తదా, మల్లీశ్వరీ?"

"చెప్పదు, సార్."

"పాత జింకైతే నేను నమ్మకపోదును. ఇంకో రెండు రోజులు చూద్దామని అందును."

మల్లీశ్వరి కొలత అంత కచ్చితంగా ఉండబట్టే ఇవాళ అనుమానానికి చోటు లేకుండా పోయింది. కాస్త తప్పుడు యంత్రమై ఉంటే ఓదేలుకు రెండు రోజులు దొరికేవి.

"ఓదేలు బతికి ఉండొచ్చు సార్. చప్పుడు వినబడకపోవుడు గుర్తు కాదు. మన కడ్డీలు చప్పుడు వినవు."

"తెలుసు. అందుకే చప్పుడు అడుగుతలేను. ఏదన్న ఒక్క గుర్తు చూపించు. ఒక్కటి. నేనే పోయి ఇసుక ఆపిస్త, నా కుర్చీ పోయినా సరే."

మధ్యాహ్నం దాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు. నూటపదో కడ్డీ చెప్పిన ఒరుగుబాటు అంకెలన్నీ నిమిషం నిమిషం చూసింది. కూలిన క్షణంలో ఒక చిన్న మెట్టు, ఆ తర్వాత చాచి కట్టిన తాడు లాంటి గీత. ఎక్కడా ఒక్క వణుకు లేదు. ఎంత చక్కగా శుద్ధి చేసిందో తన లెక్క! జీవితంలో మొదటిసారి ఆ శుభ్రత ఆమెకు రోత పుట్టించింది.

చివరికి ఇసుక పోయడానికి అనుమతి ఇచ్చే పలక మీద అరచెయ్యి ఆనించింది. పైన వార్డుల్లో కదలలేని మనుషులు ఉన్నారు, కింద ఉన్నాడో లేడో తెలియని ఒక్క మనిషి. ఎవరైనా ఆ చెయ్యి ఆనించేవాళ్లే. ఆ సంగతి ఆమెకు ఏ మాత్రం ఊరటనివ్వలేదు.

ఇసుకా నీళ్లూ కలిపి గొట్టాలతో సాయంత్రం దాకా పోశారు. ఆసుపత్రి మూల అక్కడే ఆగింది. దీపాలు పచ్చబడ్డాయి. సోమవారం పైకప్పు కూలినప్పుడే ఓదేలు మరణించాడని మండలి ప్రకటించింది. జనం వచ్చి మల్లీశ్వరి చేతులు పట్టుకుని, మరిదిని పోగొట్టుకుని కూడా మా వాళ్లను కాపాడినవు తల్లీ అన్నారు. ఆమె చేతులు లాక్కోలేదు, అట్లాగని ఎవరి మొహమూ చూడలేదు.

శుక్రవారం పొద్దున నివేదిక కోసం నూటపదో కడ్డీ లెక్కలు మళ్లీ తెరిచింది. ఇసుక పడ్డప్పుడు కడ్డీ ఎంత వంగిందో రాయాలి. అంకె ఒకటి పొసగలేదు. చల్లటి నీళ్లు తగిలిన కడ్డీ కొలతలో వేడి తీసివేత ఎంత ఉండాలో ఆమెకు నోటి లెక్కే. అక్కడ అంతకు మూడింతలు ఉంది. అంటే అంతకు ముందు కడ్డీ ఉండవలసిన దానికన్నా వెచ్చగా ఉంది. పాత సొరంగాల్లో ఎండ లేదు, చలి లేదు, ఏడాది పొడుగునా ఒకటే వేడి. వెచ్చబడడానికి అక్కడ ఏముంది?

ఎన్నడూ తెరవని తీసివేత అంకెలను తెరిచి గీతగా గీయించింది.

సోమవారం మధ్యాహ్నం దాకా గీత బల్లపరుపు. పైకప్పు కూలిన కాసేపటికి మెల్లగా లేచింది. చాలాసేపు అట్లాగే ఉండి, తగ్గి, మళ్లీ లేచింది. ఎవరో వచ్చి కూర్చుని, లేచి తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నట్టు. రాత్రిళ్లు ఎత్తు మారకుండా పొడుగ్గా సాగింది. కడ్డీకి వీపు ఆనించి పడుకున్నాడు. పగలు చిన్న చిన్న గుట్టలు. చేత్తో పట్టుకున్నాడు, కొట్టడానికి. మంగళవారం. బుధవారం. గుట్టల మధ్య ఎడం పెరిగింది గానీ గుట్టలు ఆగలేదు. డిగ్రీలో వెయ్యో వంతు కూడా తప్పకుండా దున్న అతని ఒంటి వేడిని కొలిచింది. కొలిచి, తప్పు కింద లెక్కగట్టి, తీసేసింది.

గురువారం మధ్యాహ్నం, ఆమె అరచెయ్యి ఆనించిన తర్వాత, ఇసుకనీళ్లు చేరిన నిమిషంలో గీత తెగిన తాడులా కిందికి పడింది. మళ్లీ లేవలేదు.

విహాన్ సారు అడిగిన ఒక్క గుర్తు మూడు రోజులూ ఆమె యంత్రంలోనే ఉంది. ఆమె నేల కోసం వెతికింది, మనిషి కోసం వెతకలేదు. మల్లీశ్వరి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు వచ్చినంతసేపూ ఏడ్చి, మొహం కడుక్కుని, చెల్లెలి ఇంటికి బయలుదేరింది.

ఇంటి ముందు పందిరి కింద చుట్టాలు కూర్చుని ఉన్నారు. సాన్వమ్మ, ఓదేలు తల్లి, గోడకు ఆనుకుని ఉంది. సాన్వి, రిషిత లాంటి పేర్లు ఆ కాలానికి అవ్వల పేర్లయిపోయాయి. ఆమె కళ్లలో నీళ్లు ఎండిపోయాయి, ఇప్పుడు వేరే దిగులు పట్టుకుంది.

"ఇగో బిడ్డా, నువ్వన్న చెప్పు. దినాలు ఎప్పటి నుంచి లెక్కవెట్టాలె? మండలోళ్లు సోమవారం అంటున్నరు. గట్లయితే మూడో దినం దాటిపాయె, కాకిపిట్టకు ముద్ద పెట్టకపోతిమి. దినం తప్పితే పిట్ట ముట్టదు. నా కొడుకు ఆకలితోనే పోయిండు, ఇప్పుడు గూడ ఆకలితోనే ఉంటడా?"

సోమవారమే అనేస్తే సరిపోతుంది. ఒక్క దెబ్బకే పోయాడని అందరూ అనుకుంటున్నారు, ఆ మాట పట్టుకునే ఇల్లంతా ఊపిరి పీలుస్తోంది. ఎవరూ ఇక ఆ అంకెలు తెరవరు. కానీ తప్పుడు రోజున ఓదేలుకు అన్నం పెట్టించడం మల్లీశ్వరి వల్ల కాలేదు. అతని దగ్గర ఆమె ఇప్పటికే తీసుకోకూడనిది తీసుకుంది.

భాగ్యను పెరట్లోకి పిలిచింది. బట్టలుతికే బండ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"దినాలు గురువారం నుంచి లెక్కవెట్టు," అంది మల్లీశ్వరి.

భాగ్య తల ఎత్తి అక్క వైపు చూసింది. "గురువారం ఇసుక పోసిన్రు," అంది.

"ఔ."

"పోసేదాక ఉన్నడా?"

"ఉన్నడు."

"నీకెట్ల తెలుసు?"

"కడ్డీకి ఆనుకొని కూసున్నడు. ఒంటి వేడి కడ్డీకి తాకింది. మా దగ్గర పడ్డది. నేను చూడలే, భాగ్యా. ఇయ్యాల పొద్దున చూసిన."

భాగ్య బండ మీద చెయ్యి పెట్టుకుని నిలదొక్కుకుంది. "చప్పుడు చేసిండా?"

"చేసే ఉంటడు. అది చప్పుడు వినదు. వినొద్దనే నేను పెట్టిచ్చిన."

తిడుతుందని, కొడుతుందని, నేల మీద పడి దొర్లుతుందని మల్లీశ్వరి ఎదురుచూసింది. అవేవీ జరగలేదు. భాగ్య కొంగుతో మొహం తుడుచుకుని, పందిరి కిందికి నడిచింది.

"అత్తమ్మా, గురువారం నుంచి లెక్క. పిట్టకు రేపు పెడ్దాం."

"ఎవలు చెప్పిన్రే?"

"అక్క చెప్పింది. అక్క లెక్క తప్పదు."

సాన్వమ్మ చేతులు జోడించి నెత్తి మీదికెత్తి మొక్కుకుంది. దినం దొరికిందని ఆ తల్లికి తృప్తి. గురువారానికీ సోమవారానికీ మధ్య ఏముందో ఆమె లెక్కవేయలేదు. భాగ్య మళ్లీ పెరట్లోకి వచ్చింది. గొంతు పెంచకుండా అంది.

"రేపు నువ్వు రాకక్కా. పదకొండో దినానికి గూడ రాకు."

మల్లీశ్వరి తల ఊపింది. చెప్పులు వేసుకుని, చుట్టాల మధ్య నుంచి దారి చేసుకుంటూ వీధిలోకి వచ్చింది. వెనకాల పందిరి కింద నుంచి సాన్వమ్మ ఇంకా పిలుస్తూనే ఉంది.

"గట్లనే పోతున్నవేంది బిడ్డా? ఇంత అన్నం తిని పో."